రోమ్–పర్షియా యుద్ధాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోమన్ చరిత్ర అనగానే చాలామంది జూలియస్ సీజర్, క్లియోపాత్రా దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాతి కథలో పెద్ద భాగం తూర్పు సరిహద్దులో, నేటి టర్కీ, సిరియా, ఇరాక్ కలిసే చోట నడిచింది. దాని గురించి మాట వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నిటికి రెండు ముక్కలు చాలు, కొన్నిటికి కాస్త తీరిక కావాలి.

ఇది ఒకటే యుద్ధమా, చాలా యుద్ధాలా?

చాలా యుద్ధాలు. మొదటిది క్రీ.పూ. 54లో మొదలైంది, చివరిది క్రీ.శ. 628లో ముగిసింది. మొత్తం 681 ఏళ్లు. మన లెక్కలో చెప్పాలంటే శాతవాహనుల కాలంలో రాజుకున్న గొడవ, వేంగిలో కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య రాజ్యం పెట్టాక గానీ చల్లారలేదు.

అన్నేళ్లూ రోజూ కొట్టుకున్నారని కాదు. 5వ శతాబ్దం మొత్తంలో రెండే చిన్న యుద్ధాలు జరిగాయి, 421–22లో ఒకటి, 440లో ఒకటి. ఆ వందేళ్లలో ఇటు రోమన్లకు, అటు పర్షియన్లకు హూణుల బెడద తలకు మించిపోయింది. పక్కింటివాడితో తగువు పడే ఓపిక ఎవరికీ లేదు.

పర్షియన్లు అంటే ఎవరు? పుస్తకాల్లో పార్థియన్లు, ససానియన్లు అని రెండు పేర్లు కనిపిస్తాయే?

రెండు రాజవంశాలు. క్రీ.శ. 224 వరకు ఇరాన్‌ను ఏలింది పార్థియన్లు. ఆ ఏడాది ఫార్స్ ప్రాంతపు అర్దషీర్ వాళ్ల ఆఖరి రాజు అర్తబానుణ్ని యుద్ధంలో చంపి ససానియన్ వంశాన్ని నిలబెట్టాడు. పార్థియన్ల రాజ్యంలో పెద్ద పెద్ద కుటుంబాల పెత్తనం ఎక్కువ, రాజు చేతిలో ఉన్నది తక్కువ. ససానియన్లు పగ్గాలు బిగించారు. కోటలు ముట్టడించడం కూడా బాగా నేర్చారు. 224 తర్వాత రోమన్లకు కష్టకాలం మొదలైందంటే కారణం ఇదే.

పార్థియన్లు మనకు కొత్తవాళ్లేం కాదు. పోటీ పరీక్షలు రాసినవాళ్లకు గౌతమీపుత్ర శాతకర్ణి గురించి నాసిక్ శాసనంలో తల్లి గౌతమీ బాలశ్రీ చెప్పించిన మాట గుర్తుంటుంది: శక, యవన, పహ్లవులను తుదముట్టించినవాడు. ఆ పహ్లవులు ఈ పార్థియన్ల తాలూకు జనమే. అయితే శాతకర్ణికి ఎదురుపడింది భారతదేశపు పడమటి వైపు స్థిరపడిన శాఖ, రోమన్లతో తలపడిన రాజులు కారు.

గొడవ ఎలా మొదలైంది?

కుర్చీలతో మొదలైంది! క్రీ.పూ. 92 ప్రాంతంలో యూఫ్రటీస్ ఒడ్డున రోమన్ సేనాని సుల్లాను కలవడానికి పార్థియన్ రాయబారి ఒరోబాజుస్ వచ్చాడు. మూడు కుర్చీలు వేయించారు. ఒక పక్క రోమ్ చెప్పుచేతల్లో ఉన్న కప్పడోకియా రాజు, ఇంకో పక్క పార్థియన్ రాయబారి, నడిమి కుర్చీలో సుల్లా. అంటే ఆ ఇద్దరికీ పెద్దమనిషి తానేనని అర్థం. ఆ కుర్చీలో కూర్చున్న పాపానికి ఒరోబాజుస్‌ను ఇంటికెళ్లాక పార్థియన్ రాజు చంపించాడట. ప్రపంచంలో తనకు సాటి రాజ్యం ఉండొచ్చన్న ఊహే రోమ్‌కు మింగుడుపడదని ఆ ఒక్క పూటలోనే తేలిపోయింది.

కార్హే యుద్ధంలో రోమన్లు అంత ఘోరంగా ఎలా ఓడిపోయారు?

క్రాసస్ రోమ్‌లోకెల్లా ధనవంతుడు. సీజర్‌కు, పాంపేకు ఉన్న యుద్ధకీర్తి తనకు లేదన్న బాధ. అరవై ఏళ్లు దాటాక, పార్థియా ఏ తప్పూ చేయకపోయినా, ఏడు లీజియన్లతో, అంటే ఒక్కోదానిలో వేల మంది ఉండే ఏడు రోమన్ దళాలతో, బయలుదేరాడు. ఆర్మీనియా రాజు వచ్చి, మా కొండల మీదుగా వెళ్లండి, అక్కడ వాళ్ల గుర్రాలకు చోటుండదు అని చెప్పాడు. క్రాసస్ వినలేదు. మైదానం దారి పట్టాడు.

క్రీ.పూ. 53 వేసవిలో కార్హే దగ్గర, అంటే నేటి టర్కీలోని హర్రాన్ ప్రాంతంలో, సురేనా వంశపు యువ సేనాని ఎదురొచ్చాడు. అతని దగ్గర ఉన్నది పదివేల మంది గుర్రపు దళమే. వాళ్లలో వెయ్యి మంది మనిషికీ గుర్రానికీ ఇనుప కవచం తొడిగినవాళ్లు, మిగతావాళ్లు విలుకాళ్లు. ముందు గంటలు కట్టిన పెద్ద డప్పులు మోగించారు. ఆ చప్పుడుకే సగం గుండెలు జారాయి. తర్వాత బాణాలు. డాళ్లు చుట్టూ కప్పుకుని నిలబడ్డ రోమన్ల లెక్క ఒకటే: ఎంతసేపని కొడతారు, అమ్ములపొదులు ఖాళీ అవుతాయిగా, అప్పుడు చూసుకుందాం. అయితే వెనకాల ఒంటెల బారు కనిపించింది. వాటి మీద ఉన్నవన్నీ బాణాల మోపులే. పొదులు ఖాళీ అయినవాళ్లు వెళ్లి నింపుకుని వస్తున్నారు. నా మటుకు ఈ యుద్ధంలో గెలిచింది ఆ ఒంటెలు. విలుకాళ్లు అంతకు ముందూ ఉన్నారు, సరుకు సరఫరా ఇంత పద్ధతిగా చేసినవాళ్లు లేరు.

తరిమికొడదామని గుర్రపు దళంతో దూకిన క్రాసస్ కొడుకు పబ్లియస్‌ను దూరంగా లాక్కెళ్లి చుట్టుముట్టారు. కాసేపటికి అతని తల ఈటె కొనన గుచ్చి తండ్రి కళ్లముందు తిప్పారు. తర్వాతి రోజుల్లో సంధి మాటల పేరుతో జరిగిన తోపులాటలో క్రాసస్ కూడా చనిపోయాడు. ఇరవై వేల మంది రోమన్లు చచ్చిపోయారని, పది వేల మంది పట్టుబడ్డారని గ్రీకు రచయిత ప్లూటార్క్ లెక్క. ఇంత గెలుపు గెలిచిన సురేనాకు దక్కిందేమిటంటే, పేరు మరీ పెరిగిపోయిందని కన్నుకుట్టి సొంత రాజు ఒరోడెస్ అతన్ని చంపించేశాడు.

క్రాసస్ నోట్లో కరిగించిన బంగారం పోశారట కదా?

పోశారని చెప్పుకునేవాళ్లు ఉన్నారని దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత ఒక చరిత్రకారుడు రాశాడు. అంతే. డబ్బు పిచ్చివాడికి డబ్బుతోనే చావు అన్న కథ జనానికి నచ్చుతుంది. దీనికన్నా గట్టిగా చెప్పుకునే కథ వేరే ఉంది: అతని తల ఆర్మీనియా రాజు కొలువుకు చేరేసరికి అక్కడ గ్రీకు నాటకం ఆడుతున్నారు. నాటకంలో తెగిన తల పట్టుకుని రావాల్సిన ఘట్టంలో నటుడు ఈ తలనే ఎత్తుకుని పాడాడట.

పట్టుబడ్డ రోమన్ సైనికులు చైనాలో స్థిరపడ్డారన్నది నిజమేనా?

ఆధారం లేదు.

కార్హేలో పోయిన జెండాలను రోమ్ మళ్లీ తెచ్చుకుందా?

తెచ్చుకుంది, ఒక్క బాణం వేయకుండా. లీజియన్ల గద్ద చిహ్నాలు శత్రువు దగ్గర ఉండటం రోమన్లకు పరువు సమస్య. మధ్యలో మార్క్ ఆంటొనీ పార్థియా మీదికి దండెత్తి వెళ్లి, ముట్టడి యంత్రాలన్నీ దారిలోనే పోగొట్టుకుని, ఇంకొన్ని జెండాలు సమర్పించుకుని వచ్చాడు. చివరికి క్రీ.పూ. 20లో అగస్టస్ బేరసారాలతో వాటిని రప్పించి, దాన్నే మహావిజయంగా నాణేల మీద వేయించాడు. ప్రిమా పోర్టా దగ్గర దొరికిన అతని విగ్రహం చూడండి, ఛాతీ కవచం మీద పార్థియన్ ఒకడు జెండా అప్పగిస్తున్న బొమ్మ ఉంటుంది.

ఆ రోజుల్లోనే అగస్టస్ పార్థియన్ రాజుకు మూసా అనే ఇటలీ బానిస పిల్లను కానుకగా పంపాడు. ఆమె కొడుకును కని, పట్టపురాణి అయి, ఆ కొడుకుతో కలిసి రాజునే చంపించి, నాణేల మీద తన బొమ్మ కూడా వేయించుకుంది. కానుకలు పుచ్చుకునేటప్పుడు కాస్త చూసుకోవాలి మరి.

ఎప్పుడు చూసినా ఆర్మీనియా పేరే వస్తుంది. అంత చిన్న దేశం కోసం ఎందుకు?

అప్పటి ఆర్మీనియా ఇవాళ్టి దేశం కన్నా చాలా పెద్దది. ఎత్తైన పీఠభూమి. అక్కడ మకాం వేసినవాడు పడమరకు దిగితే రోమ్ ఆసియా రాష్ట్రాలు, దక్షిణానికి దిగితే మెసొపొటేమియా. అది ఎవరి చేతిలో ఉంటే ఎదుటివాడికి నెత్తిన కత్తి వేలాడుతున్నట్టే. ఆచారాల్లో, రాచ సంబంధాల్లో ఆర్మీనియన్లు ఇరాన్‌కు దగ్గర. రాజకీయంగా మాత్రం ముందు నుయ్యి వెనుక గొయ్యి.

ఉన్నవాటిలో తెలివైన రాజీ నీరో కాలంలో కుదిరింది. అవును, ఆ నీరోయే. సేనాని కార్బులో ఏళ్ల తరబడి పోరాడాక తేలిన ఒప్పందం ఇది: ఆర్మీనియా రాజు పార్థియన్ రాజకుటుంబం మనిషే ఉంటాడు, కిరీటం మాత్రం రోమన్ చక్రవర్తి చేత పెట్టించుకోవాలి. పార్థియన్ రాజు తమ్ముడు తిరిదాతెస్ మూడు వేల గుర్రాలతో తొమ్మిది నెలలు ప్రయాణం చేసి క్రీ.శ. 66లో రోమ్‌లో నీరో ముందు మోకరిల్లాడు. అతను ఇరాన్ పాత మతమైన జొరాస్ట్రియన్ మతానికి ఆచార్యుడు కూడా. నీటిని మైల పరచకూడదన్న నియమం వల్ల ఓడ ఎక్కలేదు. ఖర్చంతా రోమ్‌ది, రోజుకు 8 లక్షల సెస్టర్సులని (రోమన్ నాణేలు) ఒక లెక్క. దండగ అనిపిస్తుంది కానీ ఆ ఒప్పందం యాభై ఏళ్లు శాంతినిచ్చింది. ఒక్క దండయాత్ర ఖర్చుతో పోలిస్తే చవకే.

క్రీ.శ. 387 ప్రాంతంలో ఆర్మీనియాను రెండు ముక్కలు చేసి పంచుకున్నారు, దాదాపు అయిదింట నాలుగు వంతులు పర్షియాకు పోయాయి. 428 నాటికి ఆ భాగంలో రాజన్నవాడే లేకుండా పోయాడు.

రోమన్లు శత్రువుల రాజధానినే పట్టుకున్నారు కదా, ఎందుకు నిలబెట్టుకోలేదు?

రాజధాని టెసిఫోన్, నేటి బాగ్దాద్‌కు దిగువన టైగ్రిస్ ఒడ్డున. 116లో చక్రవర్తి ట్రాజన్, 165లో సేనాని అవిడియస్ కాసియస్, 198లో సెప్టిమియస్ సెవెరస్, 283లో కారస్. కనీసం నాలుగుసార్లు పట్టుకున్నారు. ప్రతిసారీ దోచుకుని వెనక్కి రావడమే. వెళ్లడం తేలిక, నది వెంబడి పడవల్లో తిండిగింజలు వస్తాయి. ఉండటమే కష్టం. ఇరాన్ పీఠభూమి చెక్కుచెదరకుండా ఉంటుంది, అక్కడి నుంచి కొత్త సైన్యం దిగుతూనే ఉంటుంది, వెనకాల పట్టుకున్న ఊళ్లన్నీ తిరగబడతాయి.

ట్రాజన్ అయితే 116లో పర్షియన్ సింధుశాఖ దాకా వెళ్లాడు. అక్కడి రేవులో ఇండియాకు బయలుదేరుతున్న ఓడను చూసి, నేను వయసులో ఉంటే తప్పకుండా అక్కడికీ వెళ్లేవాణ్ని అన్నాడట. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. అలెగ్జాండర్ గుర్తొచ్చాడు పాపం. ఏడాది తిరక్కుండానే కాలం చేశాడు, వారసుడు హేడ్రియన్ ఆ కొత్త రాష్ట్రాలన్నిటినీ వదిలేశాడు. చాలామంది హేడ్రియన్‌ను పిరికివాడన్నారు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో లెక్కలు సరిగ్గా వచ్చిన కొద్దిమందిలో అతనొకడు.

165 నాటి విజయం ఇంకో రకంగా ఖరీదైంది. ఆ సైన్యం ఇంటికి తిరిగొస్తూ మహమ్మారిని మోసుకొచ్చింది. ఎన్నో ఏళ్లపాటు అది రోమన్ సామ్రాజ్యాన్ని పీడించింది.

రోమన్ చక్రవర్తి పర్షియన్లకు ఖైదీగా దొరికాడా?

దొరికాడు. క్రీ.శ. 260లో ఎడెస్సా దగ్గర వలేరియన్ పర్షియన్ రాజు మొదటి షాపూర్‌కు చిక్కాడు. రోమ్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. ఇరాన్‌లోని నక్ష్-ఎ-రుస్తమ్ కొండరాతి మీద గుర్రమెక్కిన షాపూర్, ఎదురుగా లొంగిపోయిన రోమన్లు ఇప్పటికీ కనిపిస్తారు. అక్కడే ఉన్న రాతి కట్టడం గోడల మీద షాపూర్ మూడు భాషల్లో తన గెలుపులు చెక్కించాడు: ససానియన్ల పర్షియన్, పార్థియన్, గ్రీకు. వలేరియన్‌ను నా చేతులతో పట్టుకున్నాను అని అందులో ఉంటుంది.

షాపూర్ గుర్రమెక్కేటప్పుడు వలేరియన్ వీపు మీద కాలు పెట్టేవాడని, చచ్చాక చర్మం ఒలిచి గుడిలో వేలాడదీశాడని కథలున్నాయి. అవి రాసినవాడు లాక్టాంటియస్ అనే క్రైస్తవ రచయిత, అర్ధశతాబ్దం తర్వాత. వలేరియన్ క్రైస్తవులను హింసించినవాడు, అతనికి దేవుడి శిక్ష పడిందని చూపించడం ఆ పుస్తకం పని. కాబట్టి చిటికెడు కాదు, గుప్పెడు అనుమానంతో చదవాలి. ఖైదీలను పర్షియా లోపలికి తరలించి పనుల్లో పెట్టారన్నది మాత్రం నిజం. షుష్తర్ దగ్గర నది మీద ఆనకట్టతో కలిపి కట్టిన వంతెనను ఇప్పటికీ బంద్-ఎ-కైసర్ అంటారు, సీజర్ కట్ట అని అర్థం.

ముట్టడి అంటే లోపలున్నవాళ్లకు ఎలా ఉండేది?

దీనికి మన అదృష్టం కొద్దీ లోపలున్న మనిషే రాసిపెట్టాడు. అమ్మియానస్ మార్సెల్లినస్, రోమన్ సైన్యాధికారి. 359లో రెండో షాపూర్ అమిడా నగరాన్ని, నేటి దియార్‌బకీర్‌ను, చుట్టుముట్టినప్పుడు ఇరుక్కుపోయాడు. మొదట్లోనే గోడ మీది యంత్రం నుంచి వెళ్లిన ఒక బాణం షాపూర్‌కు తోడొచ్చిన గ్రుంబాటెస్ రాజు కొడుకు గుండెల్లో దిగింది. కుర్రవాడు, అందగాడు. దాంతో దారిలో బెదిరించి వెళ్దామనుకున్న ఊరు పగ తీర్చుకోవాల్సిన ఊరైపోయింది. 73 రోజులు. ఊరి నిండా పల్లెల నుంచి పారిపోయి వచ్చిన జనం, పాతిపెట్టడానికి చోటులేని శవాలు, ఆ వెంటనే అంటురోగం. నీటి కోసం నదికి దిగే సొరంగపు మెట్లను ఒక ఫిరాయింపుదారు చూపిస్తే, డెబ్బై మంది పర్షియన్ విలుకాళ్లు రాత్రికి రాత్రి బురుజెక్కేశారు.

ఊరు పడిన రాత్రి అమ్మియానస్ చీకట్లో వెనక గుమ్మం గుండా జారుకున్నాడు. ఎడారిలో దాహం. లోతైన బావి కనిపించింది, దిగడానికి లేదు, తాడు లేదు. ఒంటి మీది నారబట్టలు పేలికలుగా చింపి తాడు పేనారు. చివర శిరస్త్రాణం కింద పెట్టుకునే టోపీ కట్టి దించారు. అది నీళ్లు పీల్చుకుని పైకి వస్తే పిండుకుని తాగారు. ఏడు శతాబ్దాల యుద్ధంలో ఎన్ని లీజియన్లు, ఎన్ని ఏనుగులు అన్నది నేను మర్చిపోతుంటాను, ఈ టోపీని మాత్రం మర్చిపోలేదు.

విషవాయువు కూడా వాడారంటారు?

యూఫ్రటీస్ ఒడ్డున దురా-యూరోపోస్ అనే ఊరుంది. 256 ప్రాంతంలో పర్షియన్లు గోడ కిందికి సొరంగం తవ్వారు, రోమన్లు లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వారు. ఆ ఇరుకులో సుమారు ఇరవై మంది రోమన్ సైనికుల ఎముకలు కుప్పగా దొరికాయి. పక్కనే గంధకం, తారు జాడలు. వాటిని మండించి పొగ పంపి ఊపిరాడకుండా చంపారని ఒక పురావస్తు పరిశోధకుడి వాదన. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, నాకైతే నమ్మేలాగే ఉంది.

అదే ముట్టడిలో గోడను గట్టి చేయడానికి రోమన్లు దాని వెంబడి ఇళ్లను మట్టితో పూడ్చేశారు. అలా పూడిపోయిన వాటిలో గోడల నిండా బొమ్మలున్న యూదుల ప్రార్థనామందిరం, క్రైస్తవులు కూడుకునే ఇల్లు ఉన్నాయి. మట్టి కింద ఉండబట్టే ఇరవయ్యో శతాబ్దం దాకా రంగులతో సహా నిలిచాయి.

ఒక్క ఊరి గురించి చదవాలంటే ఏ ఊరు?

నిసిబిస్. సందేహం లేదు.

రోమన్ మెసొపొటేమియాకు అది తాళంచెవి. 298లో పర్షియన్ల మీద గెలిచాక రెండు రాజ్యాల మధ్య వ్యాపారమంతా ఆ ఊళ్లోనే జరగాలని రోమ్ షరతు పెట్టింది. పట్టు, సుగంధద్రవ్యాలు, సుంకాలు అన్నీ అక్కడే. రెండో షాపూర్ మూడుసార్లు ముట్టడించాడు, మూడుసార్లూ వెనుదిరిగాడు. 350లో నదికి అడ్డుకట్ట వేసి ఆ నీటిని గోడ మీదికి వదిలాడు. గోడ కొంత కూలింది. లోపలికి తోలిన ఏనుగులు అదే నీటి వల్ల తయారైన బురదలో దిగబడ్డాయి. తెల్లారేసరికి ఊరివాళ్లు గోడ మళ్లీ లేపారు.

363లో జూలియన్ చక్రవర్తి వెయ్యికి పైగా పడవలతో టెసిఫోన్ దాకా వెళ్లాడు. కోట బయట గెలిచాడు, కోటను ముట్టడించే ధైర్యం చాలలేదు. పడవలన్నీ తగలబెట్టించి నేల దారిన వెనక్కి మళ్లాడు. పర్షియన్లు దారి పొడుగునా గడ్డి, పంటలు కాల్చేశారు. జూన్ 26న కవచం తొడుక్కోకుండా పోరులోకి దూకి ఈటె పోటుకు గురై ఆ రాత్రే చనిపోయాడు. మర్నాడు సైన్యం జోవియన్ అనే అధికారిని చక్రవర్తిని చేసింది. ఆకలితో ఉన్న సైన్యాన్ని ఎలాగైనా ఇంటికి చేర్చాలి, సింహాసనం జారిపోకుండా చూసుకోవాలి. టైగ్రిస్ అవతలి అయిదు ప్రాంతాలు, 15 కోటలు, వాటితో పాటు నిసిబిస్‌ను రాసిచ్చేశాడు. షరతు ఏమిటంటే ఊరు ఇవ్వాలి, జనం మాత్రం ఖాళీ చేయాలి.

పర్షియన్ దొర బినెసెస్ వచ్చి కోట మీద తమ జెండా ఎగరేశాడు. ఊరి పెద్దలు జోవియన్ కాళ్లావేళ్లా పడ్డారు. మీ సైన్యం వద్దు, మీ డబ్బు వద్దు, మా ఊరిని మేమే కాపాడుకుంటాం, ఇంతకుముందు కాపాడుకోలేదా అన్నారు. మాటిచ్చాను తప్పలేను అన్నాడతను. మూడు రోజులు గడువు. ఆడవాళ్లు పుట్టి పెరిగిన ఇళ్ల గుమ్మాలను పట్టుకుని ఏడ్చారు. బండ్లు దొరకనివాళ్లు మోసుకోగలిగినంత మోసుకుని నడిచారు. ఈ వలస జనంలో సిరియాక్ కవి ఎఫ్రేమ్ కూడా ఉన్నాడు. ఊరి బయట జూలియన్ శవం, బురుజు మీద పర్షియన్ జెండా రెండూ ఒకేసారి చూశానని తన పాటల్లో రాసుకున్నాడు. గోడలు ఓడిపోలేదు, సంతకం ఓడించింది. నిసిబిస్ మళ్లీ రోమన్లకు దక్కలేదు.

దారా కోట కథేమిటి?

నిసిబిస్ పోయిన లోటు తీర్చుకోవడానికి 505–507లో అనస్తాసియస్ చక్రవర్తి దానికి ఒక్కరోజు నడక దూరంలో కట్టించాడు. పర్షియన్లకు అది కంట్లో నలుసు. 530లో ఆ కోట ముందు మోహరించిన పర్షియన్ సేనాని, రేపు ఊళ్లోకి వచ్చి స్నానం చేస్తాను, నీళ్లు కాచి ఉంచు అని రోమన్ సేనాని బెలిసారియస్‌కు కబురు పెట్టాడు. బెలిసారియస్ నీళ్లు కాచలేదు, కందకం తవ్వించాడు. పక్కనున్న గుట్ట చాటున గుర్రపు దళాన్ని దాచాడు. రెట్టింపు ఉన్న పర్షియన్ సైన్యం చిత్తుగా ఓడింది. అయినా 573లో దారా పర్షియన్ల పాలైంది. ఆ వార్త విన్న చక్రవర్తి రెండో జస్టిన్‌కు మతి చలించింది.

రోమ్ డబ్బిచ్చి శాంతి కొనుక్కుందా?

కొనుక్కుంది, చాలాసార్లు. 532లో శాశ్వత శాంతి అని పేరు పెట్టి జస్టీనియన్ చక్రవర్తి 11,000 పౌన్ల బంగారం ఇచ్చాడు. ఇప్పటి లెక్కలో సుమారు 3,600 కిలోలు. శాశ్వతం ఎనిమిదేళ్లు నిలిచింది. 540లో పర్షియన్ రాజు మొదటి ఖుస్రో వచ్చి సిరియాలోని రోమన్ నగరం అంతియోక్‌ను తగలబెట్టాడు. తర్వాత మధ్యధరా సముద్రంలో ఒక్కడే స్నానం చేసి, అపామియాలో రథాల పందెం పెట్టించాడు. రథాల పందేల్లో జస్టీనియన్ నీలం జట్టు అభిమాని కాబట్టి తాను ఆకుపచ్చ జట్టు! నీలం రథం ముందుకు దూసుకుపోతే ఆపించి మరీ ఆకుపచ్చను గెలిపించాడు. పట్టుకుపోయిన అంతియోక్ జనానికి టెసిఫోన్ దగ్గర అచ్చం వాళ్ల ఊరిలాంటి కొత్త ఊరే కట్టించాడు, స్నానశాలలతో, పందెం మైదానంతో సహా.

రోమ్ ఇచ్చే ఈ డబ్బును పర్షియన్లు కప్పం అనేవారు. రోమన్ల మాట వేరు: కాకసస్ కనుమల్లో హూణులు దిగకుండా మీరు కాపలా కాస్తున్నారు, ఆ ఖర్చులో మా వాటా ఇది. ఎవరి పరువు వాళ్లది.

562 ఒప్పందం నాకు ఇష్టమైనది. 50 ఏళ్లకు రాసుకున్నారు, ఏటా 30,000 బంగారు నాణేలు, మొదటి ఏడేళ్ల సొమ్ము ఒకేసారి ముందే. రెండు భాషల ప్రతులను ఆరుగురు రోమన్, ఆరుగురు పర్షియన్ దుబాసీలు కలిసి మాటకు మాట సరిచూశారు. వ్యాపారులు దొంగదారులు పట్టకూడదు, నిసిబిస్, దారాల మీదుగానే పోవాలి. రాయబారి వెంట తెచ్చుకున్న సరుకుకు సుంకం లేదు. ఇవాళ్టి విదేశాంగ శాఖ గుమస్తా చదివినా కొత్తగా అనిపించదు. పదేళ్లకే యుద్ధం మళ్లీ మొదలైంది, అది వేరే సంగతి.

అంటే వీళ్ల మధ్య పగ తప్ప ఏమీ లేదా?

ఉంది. 3వ శతాబ్దం తర్వాత క్రమంగా ఒకరినొకరు సోదరా అని ఉత్తరాల్లో పిలుచుకోవడం అలవాటైంది. 590లో సొంత సేనాని బహ్రామ్ చోబిన్ తిరుగుబాటుతో సింహాసనం పోగొట్టుకున్న పర్షియన్ రాజు రెండో ఖుస్రో ఎక్కడికి పారిపోయాడంటే, రోమన్ల దగ్గరికే. లోకానికి మన రెండు రాజ్యాలు రెండు కళ్లలాంటివని చక్రవర్తి మారిస్‌కు రాసినట్టు చెబుతారు. మారిస్ సైన్యమిచ్చి 591లో మళ్లీ గద్దెనెక్కించాడు.

మరి అదే ఖుస్రో చివరి మహాయుద్ధం ఎందుకు చేశాడు?

602లో ఫోకాస్ అనే సైనికుడు తిరగబడి మారిస్‌ను కొడుకులతో సహా చంపాడు. ఉపకారికి పగ తీరుస్తానని ఖుస్రో బయలుదేరాడు. పగ సాకా, నిజమా? రెండూ కావొచ్చు. ఇంతకుముందు యుద్ధాలన్నీ నాలుగు సరిహద్దు కోటల చుట్టూ తిరిగేవి. ఈసారి గట్లు తెగిపోయాయి. 613లో సిరియా, 614లో జెరూసలేం, అక్కడి పవిత్ర శిలువ, 619లో అలెగ్జాండ్రియా. ఈజిప్టు గోధుమలు ఆగిపోవడంతో అప్పటి రోమన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఉచిత రొట్టె బంద్. హెరాక్లియస్ చక్రవర్తి చర్చిల వెండిసామాను కరిగించి నాణేలు కొట్టించాడు. వాటి మీద అక్షరాలు: దేవా, రోమన్లకు సాయపడు. అంత నిస్సహాయంగా మాట్లాడే రోమన్ నాణెం ఇంకోటి ఉండదేమో.

626లో అవార్లు అనే సంచార జాతివాళ్లు పడమటి ఒడ్డున, పర్షియన్లు తూర్పు ఒడ్డున నిలిచి రాజధానిని చుట్టుముట్టారు. మధ్యలో జలసంధి, అందులో రోమన్ నౌకలు. ఇద్దరినీ కలవనివ్వలేదు. హెరాక్లియస్ ఆ సమయంలో ఊళ్లోనే లేడు. కాకసస్ వైపు తురుష్కులతో చేయి కలిపి, చలికాలమని కూడా చూడకుండా పర్షియా నడిబొడ్డుకు దిగాడు. 627 డిసెంబరు 12న నినెవే దగ్గర గెలిచాడు. ఫిబ్రవరికల్లా ఖుస్రోను సొంత కొడుకే దింపి చంపించాడు. సరిహద్దు 602లో ఉన్న చోటికే వచ్చింది, శిలువ 630లో జెరూసలేం చేరింది. ఖురాన్‌లో రూమ్ పేరుతో ఒక అధ్యాయం ఉంది, రోమన్లు ఓడిపోయారు, మళ్లీ గెలుస్తారు అన్న మాట అందులోదే.

చివరికి ఎవరు గెలిచారు?

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. 636లో యర్ముక్ దగ్గర అరబ్ సైన్యం చేతిలో హెరాక్లియస్ సేన ఓడింది, సిరియా పోయింది. 637లో టెసిఫోన్ పడింది. ఆఖరి ససానియన్ రాజు మూడో యజ్దగిర్ద్ 651లో మెర్వ్ దగ్గర హతమయ్యాడు. రోమన్లు ఈజిప్టును కూడా పోగొట్టుకుని, కాన్‌స్టాంటినోపుల్‌తో 1453 దాకా నెట్టుకొచ్చారు. గెలుపు గురించి అడిగినప్పుడు ఇంకో లెక్క కూడా చూడాలి: 4వ శతాబ్దపు చివర ఉన్న సరిహద్దుకూ 602 నాటి సరిహద్దుకూ కాకసస్ వైపు తప్ప పెద్ద తేడా లేదు.

మనదేశానికి ఈ గొడవతో ఏమైనా సంబంధం ఉందా?

సముద్రం ద్వారా ఉంది. ఇరాన్ మీదుగా సరుకు తెచ్చుకుంటే శత్రువుకు లాభం. అందుకే రోమన్ వ్యాపారులు ఎర్రసముద్రం నుంచి నేరుగా మన రేవులకు వచ్చేవారు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియా లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. కృష్ణా తీరప్రాంతాన్ని మసాలియా అని పిలుస్తూ అక్కడి సన్నని నూలుబట్టల గురించి ఒక గ్రీకు నావికుడి చేతిపుస్తకం చెబుతుంది. మచిలీపట్నం పేరు అందులోంచే వచ్చిందా లేదా అని వాదించుకునేవాళ్లను వదిలేద్దాం. ఆంధ్ర, తెలంగాణల్లో దొరికిన రోమన్ నాణేలు మాత్రం మ్యూజియాల్లో కళ్లముందే ఉన్నాయి.

6వ శతాబ్దానికి తూకం మారింది. పట్టు ఇండియా రేవుల్లో కొని తమకు అమ్మండని జస్టీనియన్ ఇథియోపియా రాజును అడిగాడు. అప్పటికే పర్షియన్ వర్తకులు ఆ రేవుల్లో మకాం వేసి ఓడలు రాగానే సరుకంతా కొనేస్తున్నారు. సింహళంలో అయితే ఒక పంచాయితీ జరిగిందట. ఒక రోమన్ వర్తకుడు, ఒక పర్షియన్ వర్తకుడు రాజు ముందు మా రాజు గొప్ప అంటే మా రాజు గొప్ప అని వాదించుకున్నారు. రోమన్ వర్తకుడు సోపాత్రుడు, ఇద్దరు రాజులూ ఇక్కడే ఉన్నారు చూసుకోండి అని రెండు నాణేలు ముందు పెట్టాడు. ఒకటి బంగారం, ఇంకోటి వెండి. రాజు సోపాత్రుణ్ని ఏనుగెక్కించి ఊరేగించాడు. కథ రాసినవాడు రోమన్ పక్షం మనిషి లెండి.

ఆ ఊళ్లు ఇప్పుడు చూడొచ్చా?

కొన్ని. దియార్‌బకీర్ నల్లరాతి గోడలు, మార్దిన్ దగ్గర దారా శిథిలాలు, ఆ నీటి తొట్ల లోతు చూస్తే నోరు తెరుస్తారు. టెసిఫోన్‌లో రాజభవనపు ఇటుక కమాను ఒక్కటే మిగిలింది.

నిసిబిస్ పేరు ఇప్పుడు నుసాయ్‌బిన్. ఇప్పటికీ సరిహద్దు ఊరే. ఇటు టర్కీ, కంచె అవతల సిరియాలోని కమిష్లీ. ఊరి నడుమ సెయింట్ జేకబ్ పేరుతో పాత రాతి చర్చి ఉంది. అందులో బాప్తిస్మం ఇచ్చే కట్టడాన్ని 359లో కట్టారని దాని మీది గ్రీకు శాసనమే చెబుతుంది. అంటే బండ్లు దొరకని జనం మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయిన నాటికి అది నాలుగేళ్ల కొత్త భవనం.